పాత ట్రాక్టరు బేరం: ముందు సీ బుక్కు, తర్వాతే ఇంజను



మిరప కోతలు ముగిశాయి, పత్తి కట్టె పీకుతున్నాం. పాత ట్రాక్టర్ల బేరాలు జోరుగా సాగేది ఈ రోజుల్లోనే. కనుక ముందు మా తప్పు చెప్పుకుంటాం.

పోయిన వేసవిలో మన సభ్యుడొకరు మొత్తం నగదు ఇచ్చి ట్రాక్టరు కొన్నాడు. తొలివాన పడి పత్తి గింజ వేసే వేళకు ఫైనాన్సు మనుషులొచ్చి దాన్ని తోలుకుపోయారు. అమ్మినవాడు కిస్తీలు బాకీ ఉన్నాడు. అప్పు సంగతి సీ బుక్కులో రాసే ఉంది. ఆ బేరానికి మేమూ వెళ్లాం. ఇంజను శబ్దం బాగుందని తలూపి వచ్చాం. కాగితం మాత్రం ఎవరమూ చదవలేదు.

చీమకుర్తి గ్రానైట్ క్వారీకి పాత లోడరు కొనే కాంట్రాక్టరు మెకానిక్కును వెంటబెట్టుకోకుండా బేరానికి పోడు. మనమేమో కొత్త రంగు, కొత్త సీటు కవరు చూసి బయానా ఇచ్చేస్తాం!

బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే బండి వయసు, బీమా వివరాలు తెలుస్తాయి. అప్పుందో లేదో సీ బుక్కులోనే చూడండి. అప్పుంటే ఫైనాన్సు సంస్థ నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద చూసి పుస్తకంతో పోల్చండి. సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, 30 చేతిలో పెట్టి 'తర్వాత మార్చుకోండి' అనే దళారిని నమ్మొద్దు. అమ్మేవాళ్లకూ ఒక మాట. పేరు మారకపోతే, కొన్నవాడు చేసిన ప్రమాదానికి పరిహారం రికార్డులో యజమానిగా ఉన్న మీ మెడకే చుట్టుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది.

ఇక బండి. అవర్ మీటరును మార్చేయవచ్చు, తీగ పీకేయవచ్చు. అందుకే ఆ బండి ఇన్నాళ్లూ ఏ నేలలో పనిచేసిందో అడగండి. తెనాలి, రేపల్లె వైపు దమ్ము చక్రాలతో బురదలో తిరిగిన బండికి ముందు యాక్సిల్ బేరింగుల్లోకి, వెనక సీళ్లలోకి నీరు చేరి ఉంటుంది. ఇసుక, ఇటుక ట్రక్కులు లాగిన బండికి క్లచ్చు, గేర్లు అరిగి ఉంటాయి. మన నల్లరేగడిలో గొర్రు, రోటావేటరు తోలిన బండి అయితే హైడ్రాలిక్కును గట్టిగా పరీక్షించాలి. రోటావేటరు ఎత్తి ఇంజను ఆపండి. పది నిమిషాల్లో బాగా దిగిపోతే సీళ్లో, కంట్రోల్ వాల్వో లీకవుతున్నట్టే.

పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. స్టార్టు చేయకముందే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఎందుకని అడగండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టు. డిప్‌స్టిక్కు మీద ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు కలిసినట్టు. టైరు మీద నాలుగంకెల ముద్ర చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

రెండు బండ్లను పోల్చేటప్పుడు అడిగిన ధరలు కాదు, పొలంలో దిగేనాటికి అయ్యే ఖర్చు చూడాలి. ఒకటి 3,20,000, మరొకటి 3,70,000 అనుకుందాం. మొదటిదానికి వెనక టైర్లు, క్లచ్చు కలిపి 70 వేలు పడితే ఏది చవక?

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 6 లక్షలున్న కొత్త బండి మీద అది 42 వేలు. కొత్తది దిగినప్పుడు పాతది దిగదా? దళారులు ఈ లెక్క ఎత్తరు, మనమే ఎత్తాలి.

అప్పు చేసి కొనేవాళ్లు, ముఖ్యంగా కౌలు రైతులు వినండి. 2 లక్షలకు 12 శాతం ఫ్లాట్ వడ్డీ, మూడేళ్లు అంటే వడ్డీ 72 వేలు. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 2 లక్షల మీదే. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది. మనకు పంట డబ్బు వచ్చేది ఏడాదికోసారి, కిస్తీ మాత్రం ప్రతి నెలా. పంట చేతికొచ్చే నెలల్లో కట్టేలా కిస్తీలు అడగండి, అదీ రాతపూర్వకంగా.

ఈ వేసవిలో బేరానికి వెళ్లేవాళ్లు బయానాకు ముందు సీ బుక్కు జిరాక్సు సంఘం ఆఫీసుకు తెండి. ఈసారి చదివే పంపుతాం.