కారునకు క్రొత్త గొట్టములు

రాజుపాలెములో వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులునకు మోటారులతో నేమి పనియని మీరు నవ్వుదురు. పనిపడినది, వినుడు.

మా మనుమడు తన పెట్రోలు కారునకు కంపెనీ బిగించిన పొగగొట్టమును తీయించి, పందెపు కార్ల ‘హెడరు’ను పెట్టించెను. నాలుగు సిలిండర్ల పొగను నాలుగు గొట్టములు వేరువేరుగా గొనిపోయి పిదప గలుపును. ఒకదానిలో వెడలు పొగ వెనుక వాయుపీడనము తగ్గి, తరువాతి సిలిండరు పొగను లాగికొనును. అందులకు గొట్టముల పొడవును, లావును ఇంజనునకు సరిపోవలెను. నాలుగు రెండై, రెండొకటియగు అమరిక మన బాటలకు మేలు. నాలుగును ఒక్కసారిగా గలియునది కోయంబత్తూరు చెంత కారి మోటార్ స్పీడ్‌వే వంటి పందెపు బాటలకు దగును. మావాడు రెండవదానినే, అందులో లావుదానిని కొనెను. పొగవేగము తగ్గి, మెల్లగా నడచునపుడు బండి లాగుడు చచ్చెను.

అంతటితో బోలేదు. బిగించినవాడు పాత గాస్కెట్టునే మరల పెట్టెను. ఇంజనువద్ద టిక్కుటిక్కుమను చప్పుడు. సత్తెనపల్లి పోవుచుండగా మా యింటిదానికి తలనొప్పి, నాకు నిద్రమత్తు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము దీయును. బండి నాపించి దిగితిమి.

వేరొక మేస్త్రీ చూచి, పొగను శుద్ధిచేయు కేటలిటిక్ కన్వర్టరును గూడ తీసివేసిరని చెప్పెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను క్రింద నిట్టిదానికి 10,000 రూపాయలవరకు జరిమానా, 3 నెలలవరకు ఖైదు. పాత సామాను గాదె క్రింద నుండెను గనుక బ్రదికితిమి. క్రొత్త గాస్కెట్టుతో దానినే బిగింపించితిని.

మనుమడు మూడు దినములు నాతో మాటాడలేదు.