ఫోనుకు రెండో తాళంచెవి
(సూరత్‌లోని పర్వత్ పాటియాలో మన బ్యాంకు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాల పని మీద వచ్చిన మనవాళ్లు ఈ పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతాల్లో ఎందరో స్థిరపడ్డారు. చాలా ఇళ్లలో బ్యాంకు పనంతా ఒక్క ఫోనులోనే నడుస్తుంది. ఏ అనుమానం వచ్చినా, “మీ ఆయన బ్యాంకుల జేస్తడు గద వదినా, జెర సూడు” అంటూ ఆ ఫోను మీ చేతికే ఇస్తారు. అందుకే ఫోనులో ఏ యాప్ నడవాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న సంగతి ఈ రోజు మీతో మాట్లాడదామనుకున్నాను.

చెక్కు వస్తే మనం దాని మీది సంతకాన్ని నమూనా సంతకంతో పోల్చి చూస్తాం కదా! ఐఫోన్ చేసే పనీ అలాంటిదే. ప్రతి యాప్‌కూ ఒక డిజిటల్ సంతకం ఉంటుంది. ఆపిల్ ఆమోదం ఉన్న సంతకమైతేనే ఫోను ఆ యాప్‌ను నడవనిస్తుంది. 2008లో యాప్ స్టోర్ తెరిచినప్పటి నుంచీ ఇదే పద్ధతి. మన దేశంలో నూటికి 90కి పైగా ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో కాస్త సడలింపు ఉంది. రాచబాట ప్లే స్టోర్. దొడ్డిదారిన యాప్ పెట్టుకోవాలంటే ఫోను హెచ్చరిస్తుంది, మనం అనుమతిస్తే ఒప్పుకుంటుంది.

ఈ కాపలా అక్కర్లేదా? కావాలి. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో, కేవైసీ గడువు అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. అవి వచ్చేది దొడ్డిదారినే. నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చామా, మన ఎస్సెమ్మెస్‌లు, వాటితో పాటు ఓటీపీలు దొంగ చేతికి చేరతాయి.

అయితే రాచబాటన వచ్చినవన్నీ మంచివీ కావు. 2020 చివర్లో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. ఆ యాప్‌లలో కొన్ని ప్లే స్టోర్‌లోనే దర్జాగా ఉండేవి. గొడవ ముదిరాక, 2021 జనవరిలో గూగుల్ కొన్నింటిని తొలగించింది. వివిధ యాప్ స్టోర్లలో సుమారు 1,100 రుణ యాప్‌లు కనిపించాయనీ, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవనీ అదే ఏడాది రిజర్వు బ్యాంకు కార్యాచరణ బృందం తేల్చింది.

మరోవైపు, జనం నిత్యం వాడేవాటికి తలుపు మూసుకున్న సందర్భాలూ ఉన్నాయి. జూదంపై తన నియమాలను మీరిందంటూ 2020 సెప్టెంబరు 18న గూగుల్ పేటీఎంను ప్లే స్టోర్ నుంచి తీసేసి, కొన్ని గంటల తర్వాత తిరిగి పెట్టింది. 2024 మార్చి 1న రుసుముల తగాదాలో భారత్ మ్యాట్రిమోనీ, నౌకరీ వంటి యాప్‌లను తొలగించింది. కేంద్ర ప్రభుత్వం కలగజేసుకున్నాక అవి తిరిగి వచ్చాయి.

కంచే చేను మేస్తే కాపాడేదెవరు? దానికి చట్టం కావాలి. ఆండ్రాయిడ్ విషయంలో తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను పక్కన పెట్టినా, జరిమానాను సమర్థించింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024 మార్చి నుంచి ఆపిల్ ఇతర యాప్ స్టోర్లనూ ఐఫోన్‌లోకి రానివ్వాల్సి వచ్చింది. మన దగ్గర 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే సంస్థ ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చింది. అందులో తెలుగూ ఉంది.

దొడ్డిదారిన వచ్చే యాప్‌లకు కూడా వాటిని తయారుచేసినవారి గుర్తింపు నిర్ధారణ తప్పనిసరి చేస్తామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. మన కేవైసీ లాంటిదే. దొంగలకు అడ్డుకట్ట అవుతుందని కొందరూ, కంపెనీ పెత్తనం ఇంకా పెరుగుతుందని కొందరూ అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజముంది.

నాకు తోచింది చెబుతాను. మన బ్యాంకు లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి మనది, రెండోది ఖాతాదారుది. ఏ ఒక్కదానితోనూ అది తెరుచుకోదు. పైన రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉండనే ఉన్నాయి. ఫోను కూడా ఇలాగే ఉండాలి. కంపెనీ తనిఖీ చేయాలి, యజమాని మాటా చెల్లాలి, ఇద్దరి మీదా చట్టం ఉండాలి.

ఆ రెండో తాళంచెవిని మన చుట్టుపక్కల వాళ్లు జాగ్రత్తగా వాడేలా చూడటం మన పని. ఎవరు పంపినా సరే, ఏపీకే ఫైలు తెరవొద్దనండి. బ్యాంకు యాప్ కావాలంటే ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసే బ్యాంకు వెబ్‌సైట్ నుంచే వెళ్లమనండి. రుణ యాప్ అయితే రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో ముందు మీరే చూసిపెట్టండి. డబ్బు పోయిందంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి. గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఇవన్నీ తెలుగులో చెప్పగలిగేది ఈ హాల్లో ఉన్న మనమే.