ఒకే మందు, రెండు స్ఫటికాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ముప్పై ఏళ్లుగా నువ్వు చేసిన పనేమిట్రా?" అని రావులపాలెంలో నన్ను అడగని వాళ్లు లేరు. స్ఫటికాల్లో అణువులు ఎలా పేర్చుకుని ఉంటాయో ఎక్స్-రేలతో చూడటం నా పని. ముఖ్యంగా ఎమైడ్లు, సల్ఫోనమైడ్లు. పేర్లు కొత్తవైనా వస్తువులు మీకు పాతవే. చేలో చల్లే యూరియా ఎమైడే. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ కూడా ఎమైడే. పెనిసిలిన్ రాకముందు ఎందరి ప్రాణాలో నిలిపిన సల్ఫా మందులు సల్ఫోనమైడ్లు. వాటికి దారి తీసిన గెర్హార్డ్ డోమాక్‌కు 1939లో నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఈ అణువుల్లో నత్రజనిని అంటుకున్న హైడ్రోజన్, పక్క అణువులోని ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. అదే హైడ్రోజన్ బంధం. మామూలు రసాయన బంధంలో దీని బలం పదో వంతు కూడా ఉండదు. కానీ కొబ్బరి పీచు పోగును పిల్లాడైనా తెంపుతాడు, అదే పేనితే పడవను కట్టేస్తుంది. యూరియా స్ఫటికంలో ఒక్కో ఆక్సిజన్ నాలుగు హైడ్రోజన్ బంధాలను అందుకుంటుంది. అందుకే అది 133 డిగ్రీల దాకా కరగదు. దాదాపు అంతే బరువున్న ఎసిటోన్ అణువులకు ఆ పట్టు లేదు, అది ద్రవంగానే ఉంటుంది.

మన మార్కెట్లో అరటి గెలను నిలబెట్టినా పడుకోబెట్టినా గెల అదే, లారీలో సర్దుబాటు మాత్రం మారుతుంది. అణువులూ అంతే. పారాసెటమాల్ మామూలు రూపంలో పొరలు మడతలు పడి ఉంటాయి, నొక్కితే జారవు. కాబట్టి బిళ్ల కట్టడానికి అతికించే పదార్థాలు కలపాలి. ఇంకో రూపంలో పొరలు చదును, బిళ్ల సులువుగా కడుతుంది. కానీ ఆ రూపం అంత నిలకడైనది కాదు.

సల్ఫోనమైడ్‌లో గంధకం మీద రెండు ఆక్సిజన్లుంటాయి. ఏ హైడ్రోజన్ దేన్ని పట్టుకుంటుందో ముందే చెప్పడం కష్టం. సల్ఫాథయజోల్‌కు కనీసం ఐదు రూపాలు తెలుసు.

ఇందులో ప్రాణం మీదికి వచ్చే సంగతీ ఉంది. రిటోనవిర్ అనే ఎయిడ్స్ మందు 1996లో వచ్చింది. 1998లో తయారీలో, అప్పటిదాకా ఎవరూ చూడని రూపం బయటపడింది. అణువు అదే, హైడ్రోజన్ బంధాల అల్లిక వేరు. అది బాగా తక్కువగా కరిగేది. కరగని మందు ఒంటికి పట్టదు. క్యాప్సూళ్లు ఆపేశారు. కొత్త తయారీ వచ్చేదాకా రోగులు రుచి సహించని ద్రవం తాగాల్సి వచ్చింది.

ఈ అల్లికలను ముందే ఊహించి స్ఫటికాలను కట్టే విద్యకు మన హైదరాబాదు విశ్వవిద్యాలయం పేరుపడ్డ చోటు. అక్కడ పనిచేసిన గౌతమ్ దేశిరాజు 1989లో స్ఫటిక ఇంజనీరింగ్ మీద రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. అశ్వినీ నాంగియా అక్కడే మందుల స్ఫటికాల మీద పరిశోధన చేశారు.

మిత్రులారా, స్వర్ణోత్సవ నిధిలో కొంత మన సైన్సు ల్యాబుకు కేటాయించండి. ఒక మంచి త్రాసు, రెండు సూక్ష్మదర్శినులు చాలు. పిల్లలూ, మీకు ఈలోగా పటిక, దారం, గాజు గ్లాసు చాలు. వేడినీళ్లలో పటిక కరిగించి, దారం వేలాడదీసి, కదపకుండా వారం ఆగండి. దారానికి పట్టిన స్ఫటికం అంచులు ఎందుకంత తిన్నగా ఉన్నాయో మీ మాస్టారిని అడగండి.