నాగా రోజు కూలి



ఆదివారం పొద్దున ఇస్నాపూర్ దిక్కో, బొల్లారం దిక్కో పోయి చూడండి. ఖాళీ జాగాలో పిల్లలు కబడ్డీ ఆడుతుంటారు. అందులో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఎందరో. కాంట్రాక్టరు కింద రోజుకూలీలు. ఆటలో కాలు మడతపడిందనుకోండి. సోమవారం షిఫ్టుకు పోలేరు. పోకుంటే హాజరీ పడదు. హాజరీ పడకుంటే కూలి లేదు. ఇంట్లో అమ్మ తిడుతుంది: "ఆ ఆటేమన్న అన్నం పెడతదా?"

ఈ మాట ఒక్క మన దగ్గరే లేదు. నూరేళ్లకు ముందు ఆస్ట్రేలియా దేశంలో సిడ్నీ నగరంలో కూడా ఇదే పేచీ వచ్చింది. మన దిక్కు పిల్లలు ఇప్పుడు చదువులకు పోతున్నారే, ఆ సిడ్నీయే. అక్కడ అలెక్ బర్డన్ అని ఒక మనిషి ఉండేవాడు. అతని పని జుట్టు కత్తిరించడం, గడ్డం గీయడం. అతని కథే ఈ పూట చెప్పుకుందాం.

బర్డన్ రగ్బీ ఆడేవాడు. రగ్బీ అంటే ఏమిటి? కోడిగుడ్డు ఆకారంలో ఒక పెద్ద తోలు బంతి ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా ఉరకాలి. ఎదుటి జట్టువాళ్లు వచ్చి నడుము పట్టి, కాళ్లు పట్టి కింద పడేస్తారు. కూతకు వచ్చినవాణ్ణి మన పిల్లలు ఎట్లా పట్టేస్తారో అట్లాగే. కాకపోతే ఇక్కడ పరుగు ఎక్కువ, దెబ్బలూ ఎక్కువే.

బర్డన్ మంచి ఆటగాడు. సిడ్నీలో గ్లీబ్ అనే పేట జట్టుకు ఆడాడు. దేశం జట్టుకూ ఆడాడు. కానీ ఆటకు పైసా రాదు. రగ్బీని నడిపే సంఘం పేరు రగ్బీ యూనియన్. యూనియన్ అంటే మన కార్మిక యూనియన్ అనుకునేరు, కాదు. ఇది ఆట పెద్దల సంఘం. వాళ్ల నియమం ఒక్కటే: ఆటకు డబ్బు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే వెలి. ఆస్తి ఉన్నవాళ్లకు ఆ నియమం బాగానే ఉంటుంది. ఒక వారం పని మానినా వాళ్ల పొయ్యి ఆరదు. కత్తెర ఆడితేనే కూడు దొరికేవాడి సంగతి ఏమిటి?

1907లో బర్డన్‌కు ఆటలో గట్టి దెబ్బ తగిలింది. పనిచేయలేకపోయాడు. జుట్టు కత్తిరించేవాడికి చేతి సత్తువే పెట్టుబడి కదా! పని పోయిన రోజులకు కూలి కట్టివ్వమంటే యూనియన్ ఇవ్వలేదు. అదే ఏడాది జూలైలో సిడ్నీలో జరిగిన ఒక్క ఆటకు 52 వేల మంది టిక్కెట్టు కొని వచ్చారు. ఆ డబ్బంతా యూనియన్ పెట్టెలోకి పోయింది. చూసినవాళ్ల కడుపు మండదా మరి?

ఆ రోజుల్లో విక్టర్ ట్రంపర్ అని పేరున్న క్రికెట్ ఆటగాడు ఉండేవాడు. సిడ్నీలో అతనికి ఆట సామాన్ల దుకాణం ఉండేది. ఆటగాళ్లు అక్కడ చేరి మాట్లాడుకునేవారు. బర్డన్ సంగతి కూడా అక్కడ మాటల్లోకి వచ్చింది. జేమ్స్ గిల్టినన్ అనే వ్యాపారి, హారీ హాయిల్ అనే రైల్వే మనిషి వాళ్లకు తోడయ్యారు. 1907 ఆగస్టు 8న ఒక హోటల్లో సభ పెట్టి కొత్త సంఘం కట్టారు. దెబ్బ తగిలినవాడికి ఆసరా ఉండాలి, పని మానినవాడికి ఆ రోజు కూలి రావాలి. వాళ్లు కోరింది ఇదే.

ఈ ఆలోచన వాళ్లకు ఇంగ్లండు నుంచి వచ్చింది. ఇంగ్లండు ఉత్తరాన బట్టల మిల్లులు, బొగ్గు గనులు ఉన్నాయి. అక్కడి జట్లలో మిల్లు కూలీలు, గని కూలీలు ఉండేవారు. అప్పట్లో శనివారం కూడా పనిరోజే. ఆటకు పోతే ఆ పూట నాగా. నాగా రోజుకు 6 షిల్లింగులు ఇవ్వాలని జట్లు అడిగాయి. షిల్లింగు అంటే ఆ దేశపు నాణెం. పెద్దలు కాదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో జట్లవాళ్లు కూడి వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆ వేరుపడ్డ ఆటనే ఇప్పుడు రగ్బీ లీగ్ అంటారు. జట్టులో 15 మంది బదులు 13 మందే ఆడతారు.

సిడ్నీలో కొత్త సంఘం ఆగస్టు నెలలోనే న్యూజీలాండు జట్టుతో ఆటలు పెట్టించింది. బర్డన్ ఆడాడు. డాలీ మెసెంజర్ కూడా ఆడాడు. అప్పుడు సిడ్నీలో అందరికన్నా పేరున్న ఆటగాడు మెసెంజర్. అతని తండ్రి పడవలు చేసేవాడు. కొడుకుదీ అదే పని. కొత్త ఆటలోకి పోవాలా వద్దా అని తల్లిని అడిగి, ఆమె సరే అన్నాకే ఒప్పుకున్నాడని చెబుతారు. మెసెంజర్ వచ్చేసరికి జనం విరగబడ్డారు.

వచ్చినవాళ్లందరినీ యూనియన్ వెలివేసింది. అయినా 1908లో తొమ్మిది జట్లతో సిడ్నీ పోటీలు మొదలయ్యాయి. అందులో గ్లీబ్ ఒకటి. బర్డన్ మళ్లీ తన పేట జట్టులోనే దిగాడు. ఆ ఏడాదే ఓడెక్కి దేశం జట్టుతో ఇంగ్లండుకూ పోయాడు. అక్కడ పైసలు కళ్లచూసింది లేదు. ఎందుకంటే అప్పుడే ఇంగ్లండు నూలు మిల్లుల్లో గొడవ జరిగి పనులు ఆగాయి. కూలి లేని కూలీ టిక్కెట్టు ఏం కొంటాడు? ఆ యాత్రకు పెట్టుబడి పెట్టిన గిల్టినన్ దివాలా తీశాడు.

ఇక్కడ ఒక మాట. మన దేశంలో ఇ.ఎస్.ఐ. చట్టం 1948లో వచ్చింది. అందులో పేరున్న కార్మికుడు జబ్బుపడితే, డాక్టరు రాసిస్తే, నియమాల ప్రకారం కూలిలో కొంత భాగం వస్తుంది. బర్డన్‌కు అలాంటి ఆసరా లేదు. మీ పేరు అందులో ఎక్కిందో లేదో మీరైతే అడిగి తెలుసుకోండి. కాంట్రాక్టు కింద ఉన్నవాళ్లు తప్పక అడగాలి.

యూనియన్ పెద్దల పట్టుదల ఎంతకాలం నడిచిందంటే, తమ ఆటగాళ్లు డబ్బు తీసుకోవచ్చని 1995 ఆగస్టులో గానీ ఒప్పుకోలేదు. అప్పటికి హడర్స్‌ఫీల్డ్ సభ జరిగి సరిగ్గా నూరేళ్లు. మెసెంజర్ పేరును తమ లెక్కల పుస్తకాల నుంచి కొట్టేశారు. 2007లో మళ్లీ ఎక్కించారు. ఆయన చనిపోయి అప్పటికి 48 ఏళ్లు.