తొలి బండి: ధర కాదు, ట్రిప్పులు లెక్కపెట్టండి

(సంఘం మండల మహాసభలో టమాట రైతుల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఎప్పుడూ గిట్టుబాటు ధర గురించో, పంటల బీమా గురించో మాట్లాడుకుంటాం. ఈసారి మమ్మల్ని బండి గురించి చెప్పమన్నారు. మా ఊళ్లో తొమ్మిది మంది టమాట రైతులం కలిసి 2024 జూన్‌లో ఒక డీజిల్ పికప్ కొన్నాం. అంతకుముందు మాలో ఎవరికీ నాలుగు చక్రాల సరుకు బండి లేదు. ఈ రెండేళ్లలో మేం చేసిన మంచి పని, చేసిన తప్పు రెండూ మీ ముందు పెడతాం. మంచిది తీసుకోండి, తప్పు మళ్లీ చేయకండి.

ముందు ఎందుకు కొన్నామో చెప్పాలి. మా ఊరి నుంచి మదనపల్లె మార్కెట్ 38 కిలోమీటర్లు. బాడుగ బండి వాళ్లు క్రేటుకు 40 రూపాయలు తీసుకునేవారు. ధర పడిపోయిన రోజు కూడా బాడుగ తగ్గదు. పైగా బండి ఏ మండీకి పోతే మన సరుకు ఆ మండీకే. తెల్లవారి వేలానికి అందుతుందా లేదా అన్నది డ్రైవర్ దయ. చెట్టు మీద కాయ మనది, దారి మీద కాయ ఎవరిదో అన్నట్టు ఉండేది.

2023 మీకందరికీ గుర్తుంది. జులైలో టమాట కిలో వంద దాటింది. సెప్టెంబరుకల్లా పది రూపాయల లోపుకు పడింది. ఆ ధర చూసి మా ఊళ్లో ఇద్దరు ఆగస్టులోనే ఎవరికి వారు కొత్త బండ్లు తెచ్చారు. ఏడాది తిరగకముందే ఒకరి బండిని కంతులు కట్టలేదని ఫైనాన్స్ మనుషులు నడిరోడ్డు మీద ఆపి తీసుకుపోయారు. లోపల ఉన్న నలభై క్రేట్లు రోడ్డు పక్కన దించేశారు. మనుషులను పెట్టి బలవంతంగా బండ్లు లాక్కోకూడదని, చట్టం ప్రకారమే పోవాలని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ఆ సంగతి ఆ రోజు ఆ రోడ్డు మీద తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

అది కళ్లారా చూశాక మేం షోరూంకు పోలేదు. నోటు పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాం.

ఆ లెక్క ఇది. బండి అన్ని ఖర్చులతో రోడ్డెక్కేసరికి 10 లక్షల 70 వేలు. అందులో 8 లక్షలు అప్పు. మిగతా 2 లక్షల 70 వేలు తొమ్మిది మందిమి తలా 30 వేలు వేసుకున్నాం. అప్పు అయిదేళ్లకు. నెల కంతు 16,600. ఇన్సూరెన్స్ నెలకు పంచితే 3,300. టైర్లు, సర్వీసు, పన్ను, ఫిట్‌నెస్ కలిపి 4,000. అంటే బండి చెట్టు కింద నిలబడి ఉన్నా నెలకు దాదాపు 24 వేలు తింటుంది.

ఇక నడిస్తే? పోనూ రానూ 76 కిలోమీటర్లు. లీటరుకు 12 కిలోమీటర్లు వేసుకుని, డీజిల్ వంద రూపాయలు అనుకుంటే 630. డ్రైవర్‌కు 600. చిల్లర ఖర్చులతో ట్రిప్పుకు 1,300. అదే 60 క్రేట్లకు బాడుగ అయితే 2,400. అంటే ట్రిప్పుకు మిగిలేది 1,100 రూపాయలు. నెలకు 24 వేలు మిగలాలంటే 22 ట్రిప్పులు. ఏడాదికి 264.

ఇప్పుడు మాలో ఒక రైతును తీసుకోండి. రెండెకరాల టమాట. పంటకు 15 ట్రిప్పులు, ఏడాదికి రెండు పంటలు, మొత్తం 30 ట్రిప్పులు. ఒక్కడు కొంటే 264 ట్రిప్పులు తిరగాల్సిన బండి 30 తిరుగుతుంది. తొమ్మిది మంది కలిస్తే 270. మేం తొమ్మిది మందిమే ఎందుకయ్యామో ఈ లెక్కే చెప్పింది. స్నేహం కొద్దీ కలిసినవాళ్లం కాదు, లెక్క కలిపింది.

అందరూ ఒకే వారంలో నాటితే ఈ లెక్క కూడా తప్పుతుంది. అందుకే మూడు జట్లుగా, మూడు వారాల తేడాతో నారు వేసుకుంటున్నాం. బండి కొన్నాక మారింది రవాణా ఒక్కటే కాదు, సాగు వరుస కూడా మారింది.

అప్పు దగ్గర ఒక మాట. మొదట వచ్చిన ఏజెంటు "తొమ్మిది శాతమే అన్నా" అన్నాడు. బ్యాంకు వాళ్లూ తొమ్మిదే అన్నారు. రెండూ ఒకటి కాదు. ఏజెంటు చెప్పింది ఫ్లాట్ వడ్డీ. మీరు సగం తీర్చేసినా మొత్తం 8 లక్షల మీదే వడ్డీ పడుతుంది. అయిదేళ్లకు వడ్డీ 3 లక్షల 60 వేలు, కంతు 19,333. బ్యాంకుది తగ్గే బాకీ మీద వడ్డీ. మొత్తం వడ్డీ 2 లక్షల లోపే. తేడా 1 లక్షా 63 వేలు. ఏజెంటు చెప్పిన తొమ్మిదిని సరిగా లెక్క వేస్తే పదహారు శాతానికి దగ్గర పడుతుంది. మేం కొన్న తర్వాత ఒక మంచి మార్పు వచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని ఛార్జీలతో కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంతో అందులో ఉండాలి, అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో అడగండి. ఇచ్చేదాకా సంతకం పెట్టకండి. ఇంకొకటి, మేం కొన్నప్పుడు సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18. పాత ధర చెప్పేవాడుంటే అడగండి.

ఇక లాగుడు సంగతి. మాలో ఇద్దరికి ట్రాక్టర్లున్నాయి. వాటి ట్రక్కులు ఏడాదిలో సగం రోజులు వేపచెట్టు కింద ఖాళీగా ఉంటాయి. ట్రాక్టర్‌తో మదనపల్లెకు పోతే రెండు గంటలు పైనే పడుతుంది, కుదుపులకు అడుగు క్రేట్లలో కాయ రసమవుతుంది. పైగా సొంత వ్యవసాయానికని రిజిస్టరైన ట్రాక్టర్‌ను బాడుగకు తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు. అందుకని మాలో కొందరు, "పికప్ వెనక కొక్కెం వెల్డింగ్ పెట్టించి ట్రక్కు తగిలిస్తే ఒకేసారి 120 క్రేట్లు పోతాయి కదా" అన్నారు. వినడానికి బాగుంది. ఇరవై ఏళ్లుగా డీజిల్ బండ్లు చేస్తున్న మెకానిక్ దగ్గరికి పోయాం. ఆయన ఒక్క మాటన్నాడు: "లాగడం కష్టం కాదప్పా, ఆపడమే కష్టం."

డీజిల్ ఇంజనుకు లాగే బలం ఉంది, నిజమే. కానీ పికప్ బ్రేకులు తన బరువుకు, తనకు రాసిచ్చిన సరుకు బరువుకు చేసినవి. మన ట్రక్కులకు చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టర్ నెమ్మదిగా పోతుంది కాబట్టి సరిపోతుంది. పికప్ వేగంలో, మిట్ట దిగేటప్పుడు వెనక రెండు టన్నులు తోస్తే ముందు బండి ఆగదు, మలుపులో అడ్డం తిరుగుతుంది. పైగా ఆర్‌సీలో ఉన్న రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషన్, వేరే ఇన్సూరెన్స్ కావాలి. అవి లేకుండా లాగుతూ ఏదైనా జరిగితే నష్టం మొత్తం మన నెత్తినే. కొక్కెం ఆలోచన అక్కడే మానుకున్నాం. రెండు ట్రిప్పులు తిరిగితే 1,300 ఎక్కువ ఖర్చు, అంతే.

కాగితాల గురించి మూడు ముక్కలు. బండి స్థూల బరువు, అంటే సరుకుతో కలిపిన బరువు, 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. మాది దాటింది, తీసుకున్నాం. కోలారు మార్కెట్‌కు పోవాలంటే రాష్ట్రం దాటాలి, దానికి తగిన పర్మిట్ ముందే చూసుకోవాలి. స్థూల బరువు 7,500 కిలోల లోపు బండిని లైట్ మోటారు వాహనం లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. కాబట్టి మన పిల్లలే నడపవచ్చు. ఓవర్‌లోడ్ మాత్రం వద్దు. 2019 సవరణ చట్టంలో దానికి జరిమానా 20 వేలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు.

ఇంజను సంగతి కూడా తెలుసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. బండిని రోజూ తోట నుంచి ఊరికి, ఊరి నుంచి తోటకు రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే మసి కాలదు, జల్లెడ పూడుతుంది. పెద్ద రోడ్డు మీద కొంతసేపు నిలకడగా పోతేనే అది శుభ్రమవుతుంది. లైటు వెలిగితే పట్టించుకోకుండా తిప్పకండి. చిన్న పనులకు ఎద్దుల బండి, ట్రాక్టర్ ఉన్నాయి. పికప్‌ను మార్కెట్‌కే ఉంచండి.

ఇప్పుడు మా తప్పు చెబుతాం.

తొలి ఏడాది కోత రోజుల్లో మా ఊరికి పొద్దున్నే బస్సు లేదు. పక్క ఊరి నుంచి కూలీ అక్కలను తెచ్చుకోవాలి. బండి ఉంది కదా అని వెనక పద్నాలుగు మందిని ఎక్కించుకొచ్చేవాళ్లం. ఒక రోజు తెల్లవారుజామున టైరు పగిలి బండి కాలవ గట్టుకు ఒరిగింది. ప్రాణాలు పోలేదు. ఒక అక్కకు చేయి రెండు చోట్ల విరిగింది. ఇన్సూరెన్స్ వాళ్లు మాకు చెప్పింది ఒక్కటే: సరుకు బండిలో సరుకు యజమానికో, ఆయన పంపిన ప్రతినిధికో తప్ప ఎక్కినవాళ్లకు రక్షణ లేదు. చట్టం అదే. సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఆస్పత్రి ఖర్చు, ఆమె పనికి పోలేని నాలుగు నెలల కూలీ తొమ్మిది మందిమీ వేసుకుని కట్టాం. చేయి మాత్రం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

ఆ రోజు మా నోటు పుస్తకం తీసి చూసుకున్నాం. క్రేట్లు లెక్కపెట్టాం, లీటర్లు లెక్కపెట్టాం. ఆ క్రేట్లు నింపే చేతులను లెక్కలో వేయలేదు. అప్పటి నుంచి కూలీలకు ఆటో బాడుగ మేమే ఇస్తున్నాం. ట్రిప్పు ఖర్చులో అది ఒక పద్దు. లాభం కొంత తగ్గింది. తగ్గనీ.

ఫలితం అడుగుతారు. మొదటి ఏడాది 238 ట్రిప్పులే అయ్యాయి. తక్కువైన 26 ట్రిప్పులకు తలా దాదాపు 3,200 చేతి నుంచి వేసుకున్నాం. రెండో ఏడాది తిరుగు దారిలో ఎరువులు, పశువుల దాణా బాడుగకు తెచ్చాం, ట్రిప్పులు 281 అయ్యాయి. ఆ తొలి లోటు పూడింది. డబ్బు కంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. మదనపల్లెలో ధర నచ్చకపోతే కోలారు పోతామని చెప్పగలుగుతున్నాం. నిజంగా పోయింది ఆరుసార్లే. కానీ పోగలమని మండీలో తెలుసు.

ఒక పొరపాటు ఇంకా సరిదిద్దుకుంటున్నాం. బండి, అప్పు రెండూ మాలో పెద్దాయన ఒక్కరి పేరున ఉన్నాయి. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం. అయినా రేపు ఆయనకేమైనా అయితే వారసులకు, మాకు మధ్య తగువు రాకూడదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘంగా రిజిస్టర్ అవుతున్నాం. మీరు ఆ పని ముందే చేయండి.

చివరిగా మన సంఘం తరఫున అడగాల్సినవి. డీజిల్ ధరను 2014 అక్టోబరులో నియంత్రణ నుంచి తప్పించారు. దాని మీద కేంద్రం ఎక్సైజ్, రాష్ట్రం వ్యాట్ వేరు. మన రాష్ట్రంలో వ్యాట్ 22.25 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ట్రిప్పు ఖర్చు 1,300లో దాదాపు సగం డీజిలే. రైతు సంఘాల బండ్లకు ఆ పన్నులో కొంత వెనక్కి ఇవ్వాలని అడుగుదాం. కోత కాలంలో తెల్లవారుజామున పల్లెలకు బస్సు నడపాలని అడుగుదాం. ఆ బస్సు ఉండి ఉంటే ఆ అక్క మా బండి ఎక్కేది కాదు.

బండి కొనాలనుకునేవాళ్లు షోరూంకు పోయే ముందు మా ఊరికి రండి. పుస్తకం తెరిచి చూపిస్తాం. మీ ట్రిప్పులు 264కు రాకపోతే ఇంకో ఇద్దరిని కలుపుకోండి. అప్పుడూ రాకపోతే కొనకండి. బాడుగకే పంపండి, అందులో సిగ్గేమీ లేదు.

సెలవు.