కార్డుల మీద జంతువులు, మన ఇంటిపేర్లలో జంతువులు



చదువుల గురించి, ఉద్యోగాల గురించి ముందు మాట్లాడినవారు చాలా విషయాలు చెప్పారు. మేము హాస్టల్ నడిపేవాళ్ళం. కాబట్టి ఈ ఏడాది మా పిల్లలకు పట్టుకున్న ఒక ఇష్టం గురించి చెబుతాం. అది ఒక టారో కార్డుల కట్ట.

బొమ్మలు నేర్పడానికి వచ్చిన ఒక డ్రాయింగ్ టీచరు దాన్ని తెచ్చారు. కొత్తగా వచ్చిన కట్ట. మొత్తం 78 కార్డులు. రాజులు, రాణులు ఉండాల్సిన చోట ఎలుగుబంటి, గుడ్లగూబ, తాబేలు, నక్క ఉన్నాయి. అన్నీ లినో మీద చెక్కి, నల్ల సిరా పూసి, అచ్చు తీసిన బొమ్మలు. నక్క తోకలో ఒక్కో వెంట్రుకా ఒక్కో ఉలి గీత. ఆ సాయంత్రం అన్నం గంట కొట్టినా పిల్లలు ఆ కార్డుల చుట్టూ నుంచి లేవలేదు. నిజం చెప్పాలంటే మేమూ లేవలేదు.

రెండు రోజులకు ఆట మారింది. "పాసవుతానా?" అని ఒకరు, "మా నాన్న మళ్ళీ కాలేజీకి పంపిస్తాడా?" అని ఇంకొకరు కార్డు తీయడం మొదలుపెట్టారు. పరీక్ష ముందు రోజు ఒకమ్మాయికి మృత్యువు కార్డు వచ్చింది. దాని మీద రాబందు బొమ్మ. ఆ పిల్ల రాత్రంతా పుస్తకం తెరవలేదు. అప్పుడు అందరినీ కూర్చోబెట్టి ఆ కార్డుల చరిత్ర చెప్పాం.

టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది. అప్పుడది పేకాటలాంటి ఆట మాత్రమే. జోస్యం చెప్పడానికి వాడడం 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో బాగా వ్యాపించింది. అంటే మూడు వందల ఏళ్ళకు పైగా జనం దాన్ని ఆడుకున్నారు. పాత కార్డులను చెక్కదిమ్మెల మీద చెక్కి అచ్చువేసేవారు. ఆ రాబందు మన పరీక్ష గురించి ఏమీ ఎరగదు. మన ఊళ్ళో రోజు చూసి చెప్పే దిశారి ఉంటాడు. ఆయన మన ఇల్లు, మన పొలం ఎరిగిన మనిషి. పెట్టెలోంచి వచ్చిన కాగితానికి మన రేపును అప్పగించడం ఎందుకు?

మరి కార్డులను దాచేశామా? లేదు. ఆ బొమ్మల్లో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఈరోజు ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసిన టారో కట్ట 1909లో లండన్‌లో వచ్చింది. బొమ్మలన్నీ వేసినది ప్యామెలా కోల్మన్ స్మిత్ అనే ఆమె. పని చాలా పెద్దది, ఇచ్చింది చాలా తక్కువ అని ఆమె ఒక ఉత్తరంలో రాసుకుంది. ఆ కట్టకు ప్రచురణకర్త పేరు, వేయించిన ఆయన పేరు కలిపి రైడర్-వెయిట్ అని పేరు పడింది. గీసినామె పేరు అందులో లేదు. 1951లో ఆమె అప్పులతో చనిపోయింది. ఆమె పేరును కూడా కలిపి చెప్పడం చాలా ఆలస్యంగా మొదలైంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి. మన ఊరి గోడ మీది బొమ్మ రేపు ఎవరి చీర మీదో, ఎవరి కప్పు మీదో కనిపించవచ్చు. గీసిన చేతి పేరు పక్కన లేకపోతే అడగాల్సింది మనమే.

ఇప్పుడు మన సంగతి. మన ఏజెన్సీలో హాజరు పట్టీ తెరిస్తే చాలు, అందులో అడవి ఉంటుంది. కిల్లో అంటే పులి. వంతాల అంటే పాము. పాంగి అంటే గద్ద. గొల్లోరి అంటే కోతి. కొర్రా అంటే సూర్యుడు. ఇవి మన గోత్రాలు. కిల్లో వాళ్ళకు పులి చుట్టం. ఒకే గోత్రం వాళ్ళు తోబుట్టువులతో సమానం, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. ఇంత అర్థం ఉన్న పేర్లను మన పిల్లలు దరఖాస్తు ఫారంలో ఒక గడి నింపడానికే వాడుతున్నారు.

మా దగ్గర చదివి పట్నం కాలేజీలో చేరిన ఒక వంతాల వారి అమ్మాయిని, ఇంటిపేరుకు అర్థం తెలుసుకుని "పాము వచ్చింది" అని ఏడిపించారట. సెలవుల్లో వచ్చి, ఇంటిపేరు మార్చుకోవడానికి ఏ కాగితాలు కావాలని మమ్మల్ని అడిగింది. మేము జవాబు చెప్పలేదు. ఒక లినో ముక్క, ఉలి చేతికిచ్చాం.

లినో అంటే నేల మీద పరిచే లినోలియమే. కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. చెక్కేసిన చోట తెల్లగా వస్తుంది, వదిలేసిన చోట సిరా అంటుతుంది. ఉలి ఎప్పుడూ ముందుకే నడవాలి, రెండో చెయ్యి దాని వెనకే ఉండాలి. రోలరుతో సిరా పలచగా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దితే చాలు, యంత్రం అక్కర్లేదు. 1930లో దండి యాత్ర గాంధీగారిని నందలాల్ బోస్ చూపించింది కూడా ఇలాంటి నలుపు తెలుపు లినో అచ్చులోనే.

ఆ అమ్మాయి చుట్ట చుట్టుకున్న పామును చెక్కి, కింద "వంతాల" అని రాసింది. అచ్చు తీస్తే అక్షరాలు తిరగబడ్డాయి. అచ్చులో ఏదైనా అద్దంలో చూసినట్టే పడుతుంది. రెండో ముక్క మీద పేరును తిప్పి చెక్కింది. సరిగ్గా వచ్చింది. పది ప్రతులు తీసి, అడుగున పెన్సిలుతో వరుస నంబరు వేసి సంతకం పెట్టింది. ఒకటి కాలేజీకి పట్టుకెళ్ళింది. అక్కడ ఎవరేమన్నారో మేము అడగలేదు. కాగితాల సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు.

ఆమెను చూసి మిగతా పిల్లలు మొదలుపెట్టారు. ఇప్పుడు మా దగ్గర పులి, గద్ద, కోతి, సూర్యుడు ఉన్నాయి. వాటితో జోస్యం చెప్పరు. కార్డు తీసినవాళ్ళు ఆ గోత్రం గురించి ఇంట్లో విన్న కథ ఒకటి చెప్పాలి. కథ రానివాళ్ళు సెలవులకు వెళ్ళినప్పుడు నాయనమ్మను అడిగి రావాలి. ఎక్కువమంది అడిగే రావాల్సి వస్తోంది.

ఒక్క జాగ్రత్త. మన బొమ్మలన్నీ ఆటకు పనికిరావు. సవర ఇళ్ళలో గోడ మీద వేసే బొమ్మలు పూర్వీకుల కోసం, జబ్బు నయం కావడం కోసం, పంట కోసం పూజతో వేసేవి. ఏది అచ్చువేయవచ్చో, ఏది గోడ మీదే ఉండాలో ముందు పెద్దలను అడగండి. వద్దంటే ఆగండి.

ఇంటికి వెళ్ళాక మీ ఇంటిపేరుకు అర్థం అడిగి తెలుసుకోండి. ఒక బొమ్మ గీయండి. లినో దొరక్కపోతే బంగాళాదుంప ముక్క మీద చెక్కండి. కింద మీ పేరు రాయండి. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

జై ఆదివాసీ.