ఏరు అంటే ఏమిటి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఉప్పలగుప్తంలో యువతతో మాట్లాడిన మాటలు)



మైకు ముందు నిలబడితే నాకు టీచరు గొంతు వచ్చేస్తుంది, ఓర్చుకోండి. ఆదివాసుల గురించి ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి కూర్చున్నది 1982 ఆగస్టు 9న. అందుకే ఈ రోజు పండగ. ఆ చరిత్ర పెద్దలు చెప్పేశారు. నేను మన జాతరల్లో వాలంటీరు పని గురించి చెబుతాను. 2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర. వెళ్లి సేవ చేస్తామని మీలో కొందరు నన్ను అడుగుతున్నారు.

కోనసీమ పిల్లలకి సేవ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభలు వస్తాయి కదా. గంగలకుర్రు ప్రభని కౌశికలోంచి దాటించేటప్పుడు భుజం పట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టరు. పచ్చటి చేలోంచి ప్రభ నడిచినా రైతు అడ్డు చెప్పడు. మేడారంలో చేయాల్సిందీ అలాంటి పనే. కాకపోతే అడవి మధ్య ఊరు, లక్షల్లో జనం.

మొన్న ఒక అబ్బాయి అడిగాడు: "మేడం, మేం యానాదులం. వీళ్లు ఎరుకలవాళ్లు. సమ్మక్క కోయల దేవత కదా, మాకేం పని?" మంచి ప్రశ్నే. అక్కడికి వచ్చే జనంలో ఎక్కువమంది కోయలు కారు. కానీ పూజ కోయ పూజారులదే. విగ్రహం లేదు, గద్దెలే. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. మర్నాడు చిలుకలగుట్ట దిగి కుంకుమభరిణె రూపంలో సమ్మక్క వస్తుంది. గుట్ట మీద పూజారులు చేసేది రహస్యం. మన చేతిలో ఫోను ఉంది కదా అని దాని వెంట పడకూడదు. వాలంటీరు బ్యాడ్జీ ఉన్నవాడు ముందు తను వెనక్కి జరగాలి.

ఇక నా సంగతి. మాది చింతూరు వైపు కోయ గూడెం. మూడో తరగతిలోనే హాస్టల్లో వేశారు. అక్కడ కోయ మాట నోట్లోంచి వస్తే అందరూ నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి నాకు చక్కటి తెలుగు వచ్చింది. (ఇక్కడికొచ్చాక "ఆయ్" అనడం కూడా వచ్చింది, అది వేరే కథ.) మామిడికాయ పండుమ్ చేసేదాకా మా నాయనమ్మ కాయ ముట్టనిచ్చేది కాదని గుర్తుంది గానీ, ఆమె మాట్లాడిన మాటలు పోయాయి.

2024 ఫిబ్రవరి జాతరకి నేను సేవకి వెళ్లాను. తప్పిపోయినవాళ్లని కూర్చోబెట్టే చోట పని పడింది. ఒక ముసలమ్మని తెచ్చి వదిలారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఉంటుంది. తెలుగు రాదు. మైకులో మేమేమో తెలుగులోనే పిలుస్తున్నాం. ఆమె "ఏరు, ఏరు" అంటోంది. పక్కనున్న కుర్రాడు, "జంపన్నవాగుకి తీసుకెళ్లమంటోంది మేడం, స్నానానికేమో" అన్నాడు. నిజమే అనుకున్నాను. చెయ్యి పట్టుకుని ఎండలో, ఆ తొక్కిసలాటలో వాగు వైపు నడిపించాను. సగం దారిలో ఆమె కింద కూలబడి గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా నాయనమ్మ కుండలో ఉన్నదాన్ని ఏరు అనేది. కోయలో ఏరు అంటే నీళ్లు.

నీళ్ల సీసా నా సంచిలోనే ఉంది. అరగంట నుంచీ ఉంది.

తాగాక ఆమె నన్ను ఏదో అడిగింది. పేరా, ఊరా, నాకు అర్థం కాలేదు. తలూపాను. సాయంత్రం వాళ్ల మనుషులు వచ్చి తీసుకెళ్లేదాకా ఆమె నా కొంగు వదల్లేదు. తన మనిషిననే అనుకుందేమో. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం చెల్లదు.

అందుకే మీకు నేను చెప్పే శిక్షణ వేరు. టీషర్టులు, బ్యానరు, డీపీలు తర్వాత చూద్దాం. నీళ్లు, నొప్పి, ఆకలి, అమ్మ, ఇల్లు, మీ ఊరేది, భయపడకు. ఈ మాటలు కోయలో వచ్చినవాళ్లే మైకు దగ్గర కూర్చోవాలి. రానివాళ్లకి వేరే పనుంది. వాగు దగ్గర ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోట కాపలా, బెల్లం కవర్లు ఏరడం, దారిలో నీళ్లందించడం. ఇవేమీ తక్కువ పనులు కావు. ఫొటోలో మాత్రం పడవు.

మా హాస్టల్లో ఇప్పుడు రోజుకొక పిల్ల బోర్డు మీద తన ఇంటి మాట ఒకటి రాస్తోంది. ఎరుకల పిల్లలు మొదట సిగ్గుపడ్డారు, ఇప్పుడు వాళ్ల మాటలకి బోర్డు చాలడం లేదు. మొన్న నేను "ఏరు" అని రాస్తే, ఒక పిల్ల లేచి "కాలవ కదా మేడం?" అంది.

మేడారం వచ్చేవాళ్లు ఆదివారం సాయంత్రం హాస్టల్ వరండాకి రండి. పేరు ఇచ్చేటప్పుడు మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి నీళ్లని ఏమంటారో రాసుకుని రండి. మీ ఇంట్లోనూ నీళ్లనే అంటే, అదే రాయండి.

జోహార్.